మల్లన్న పెట్రోమాక్స్ లైట్లు

పక్కింట్లో కిరసనాయిలు స్టవ్వు వెలిగిస్తే ఆ వాసన గోడ దాటి వస్తుంది. మా కోడలు ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం నల్గొండ బస్టాండు దగ్గరి మల్లన్న దుకాణం ఈ ఉన్న ఒక్క కంటి ముందు నిలబడుతుంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండో కన్ను పోయింది. అరవైల మొదట్లో నేను పని వెతుక్కునే వయసుకొచ్చాను. పొద్దున్నే ఒంటికన్నువాడు ఎదురైతే పని చెడుతుందని నమ్మే ఊళ్లో నాకు పని ఎవరిస్తారు? మల్లన్న ఇచ్చాడు. అందుకే నాకు అనుమానం వచ్చింది.

మల్లన్నకు చిన్ననాటి జ్వరంతో కుడికాలు చచ్చుబడింది. చంకకర్ర ఊతంతో నడుస్తూనే పెళ్లిళ్లకు పెట్రోమాక్స్ లైట్లు కిరాయికి ఇచ్చేవాడు. పల్లెలకు ఇంకా కరెంటు రాని రోజులవి. నన్ను ఏమీ అడగకుండా ఒక లైటు ముందుంచి పంపు కొట్టమన్నాడు. అసలే నేను అనుమానప్పక్షిని. జాలిపడ్డాడేమోనని ఒళ్లు మండింది.

దుకాణానికి బోర్డు రాయించిన రోజు నా అనుమానం ఇంకా బలపడింది. దేవుడి పేరేదైనా పెడదామన్నాడు పెయింటరు. "కుంటి మల్లయ్య లైట్ల దుకాణం అని రాయి" అన్నాడు మల్లన్న. నేను ఊరుకోలేకపోయాను. "గట్ల రాపిస్తే అయ్యో పాపమని గిరాకి వస్తదనా, అన్నా?" అన్నాను. "ఎనక అనేది ముంగటనే రాపిస్తున్న. ఇగ గుసగుసలెందుకు?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ వేసవిలో పానగల్‌లో ఒక పటేలు ఇంట్లో పెళ్లి. అంత పెద్ద ఇల్లు మల్లన్నకు దొరకడం అదే మొదలు. అక్కడ చెడితే చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ చేజారినట్టే. ఏ పెళ్లికి వెళ్లినా గడప ముందు మొదటి లైటు మల్లన్నే వెలిగించేవాడు. కుంటివాడు ముట్టించడానికి ఒప్పుకోని ఇంటికి లైట్లు ఇచ్చేవాడు కాదు. ఆ రోజు మాత్రం ఆ లైటు నా చేతికిచ్చి "ఇయ్యాల నువ్వు ముట్టియ్యి" అన్నాడు. రేపు ఏదైనా అశుభం జరిగితే నా కన్ను మీదికి తోసేయడానికే అనుకున్నాను.

గడప దగ్గరే పటేలు అడ్డం వచ్చాడు. "మల్లిగా, నువ్వంటే అలవాటైనవు. పెండ్లిపిల్ల ముంగటికి గీ ఒంటికన్నోన్ని తెస్తవా?"

మల్లన్న నావైపు చూడనైనా లేదు. "పోయి బండిల కూసో" అన్నాడు.

నేను అనుకున్నంతా అయింది. సిగ్గుతో, కోపంతో లైటు అక్కడే దించి బండెక్కాను. తల తిప్పి చూస్తే మల్లన్న కర్ర ఊనుకుంటూ వస్తున్నాడు. వెనక మా కూలీలు లైట్లన్నీ తిరిగి మోసుకొస్తున్నారు.

"ఏందిరా గిది?" అని అరిచాడు పటేలు.

"ముట్టిచ్చెటోడు బండిల కూసున్నడు పటేలా. ఉత్త లైట్లు మీకేం పనికొస్తయి?"

పొద్దు గూకుతోంది. ఊరి బయట మగపెళ్లివారి బాజాలు వినబడుతున్నాయి. పటేలు తల్లి గడపలోకి వచ్చి "మొగపెండ్లోళ్లను చీకట్ల దించుకుంటవారా? ముట్టియ్యమను" అంది. ఆమె మొహంలో ప్రేమేమీ లేదు, అవసరం ఉంది. నాకు అదే చాలనిపించింది. గడప ముందు కూర్చుని పంపు కొట్టాను. లైటు బుస్సుమని వెలిగింది. ఆ వెలుతురులో అందరూ నా మొహం చూశారు. నేను తల దించుకోలేదు.

మరునాడు తిరిగి వస్తూ బండిలో అడిగేశాను. "జాలిపడి పనిల పెట్టుకున్నవా అన్నా? నిజం చెప్పు."

మల్లన్న చచ్చుబడిన కాలు బండిలో చాపుకున్నాడు. "జాలైతే కడుపునిండ బువ్వ పెట్టి పంపుతుంటి. నా దుకాణం తెచ్చి నీ చేతుల ఎందుకు పెడ్త?"

తర్వాత నేను జడ్చర్లలో సొంత దుకాణం పెట్టుకున్నాను. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా దయ చూపిస్తే వాళ్ల మాటలు వినను, నా చేతికేం ఇస్తున్నారో చూస్తాను. అన్నం పెడితే దండం పెడతాను. పని అప్పజెప్పితేనే నమ్ముతాను.