ఉస్తాద్ మూసిన కన్ను

జహీరాబాద్‌లో టీవీ కొనడానికి షోరూంకు వచ్చిన పాతకాలం మనిషి ముందుగా ధర అడగడు. సెట్టుకు ఎదురుగా నిలబడి, ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటితో బొమ్మను తేరిపార చూస్తాడు. ఆ తరవాతే మాట. నవ్వొస్తే నవ్వండి గానీ, మా ఊళ్ళో ఒక తరమంతా టీవీని అలాగే చూసింది. దానికి ‘ఉస్తాద్ చూపు’ అని పేరు కూడా ఉంది. నేర్పిన మనిషి హఫీజుద్దీన్ ఉస్తాద్. నేర్చుకున్న వెధవల్లో మొదటివాణ్ణి నేను.

నా పేరు జగదీశ్. పదో తరగతి తప్పి ఉస్తాద్ రిపేరు దుకాణంలో చేరాను. ఇరవై ఏళ్ళు ఆయన పక్కనే కూర్చున్నాను. పక్కన అంటే కుడి పక్కన. ఎడమ వైపు స్టూలు వేసుకుంటే ఒప్పుకునేవాడు కాదు. “ఇటు రా బేటా, అటు కూసుంటె చెయ్యి అడ్డమొస్తది” అనేవాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఎవరి మాటా ఒక పట్టాన వినను, కానీ ఆయన ఏం చెప్పినా నమ్మేవాణ్ణి. రంగు సరిచేసేటప్పుడు ఆయన ఎడమ కన్ను మూసేవాడు. “రెండు కండ్లు రెండు తీర్ల జెప్తయిరా. ఒక్క కన్నయితే అబద్ధమాడది” అనేవాడు. నేనూ మూశాను. మొదట్లో చెంప లాగేది. ఆర్నెల్లకు అలవాటైపోయింది. ఆ తరవాత టీవీ ముందు కూర్చుంటే చాలు, నాకు తెలియకుండానే రెప్ప వాలిపోయేది.

అసలు సంగతి నాకు 2011లో గానీ తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. ఉస్తాద్ ఎడమ కంటికి చూపు లేదు. దుకాణం పెట్టిన కొత్తలో ఒక సెట్టు విప్పుతుంటే పిక్చర్ ట్యూబ్ పగిలి గాజు ముక్క కంట్లో దిగింది. దవాఖానలో కుట్లు వేశారు. పైకి కన్ను మామూలుగానే ఉంది, లోపల మాత్రం వెలుగు తెలుస్తుంది, రూపం తెలియదు. ఆ వెలుగు మంచి కంటికి అడ్డొస్తోందని టీవీ ముందు దాన్ని మూసుకునేవాడు. ఒకరోజు ఎవరో ఎందుకలా మూస్తావని అడిగారు. కొత్త దుకాణం. ఒంటికన్ను మెకానిక్ చేతికి టీవీ ఎవడిస్తాడు? నోటికి ఏదొస్తే అది చెప్పాడు. ఊరు నమ్మింది. ఇక ఆ మాటను వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ఆయన భార్య అమీరున్నీసాకు తప్ప ఈ సంగతి అప్పటిదాకా ఇంకెవరికీ తెలియదు.

2011లో త్రీడీ టీవీలు వచ్చాయి. నల్ల అద్దాలు పెట్టుకుంటే బొమ్మ తెర దాటి గదిలోకి వస్తుందట. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి ఒక బొమ్మ, రెండూ కలిస్తే లోతు కనబడుతుందని కంపెనీ కాగితంలో రాశారు. నేను చదివాను. చదివీ బుర్రకెక్కించుకోలేదు, అది వేరే సంగతి.

షోరూం యజమాని మహాదేవప్ప ఉస్తాద్ దగ్గరికి వచ్చి, ఈ కొత్త సెట్లకు మీరే సర్వీస్ చూడాలని అడిగాడు. ఉస్తాద్ ముఖం తిప్పుకున్నాడు. “నాకొద్దు సేఠ్. మా జగదీశ్‌ను పెట్టుకో” అన్నాడు. నాకు నెల జీతం పని దొరికింది, నిజమే. కానీ ఆ రోజు నుంచీ ఉస్తాద్ త్రీడీ మాటెత్తితే చాలు లేచిపోయేవాడు. కంపెనీ కాగితం చూపిస్తే కళ్ళజోడు ఇంట్లో మరిచానన్నాడు. హైదరాబాద్ వెళ్ళి ఒక సెట్టు చూసొద్దామంటే జ్వరమన్నాడు. ముసలాయనకు కొత్తదంటే గిట్టదు, నేను పైకి రావడం అసలే గిట్టదు అనుకుని లోపల లోపల మండిపోయాను. ఆ పాపం ఇప్పటికీ నన్ను తింటుంది.

మొదటి సెట్టు మా పక్కనున్న ఝరాసంగంలో రామ్‌కిషన్ పటేల్ తెప్పించుకున్నాడు. బీదర్‌లో ఉన్న బావమరిది ఏది కొన్నా ఫోన్ చేసి మరీ గొప్పలు చెబుతాడు, వాడి నోరు మూయించాలని పటేల్ పంతం. ఆదివారం మధ్యాహ్నం నేనొక్కణ్ణే వెళ్ళి బిగించాను. కిటికీలకు గొంగళ్ళు కట్టి గదిని చీకటి చేశారు. చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళు ఇరవై మంది కింద కూర్చున్నారు. సెట్టుతో వచ్చినవి రెండే అద్దాలు. ఒకటి పటేల్ పెట్టుకున్నాడు, ఒకటి నేను. సెట్టుతో ఇచ్చిన డిస్కు వేస్తే సముద్రం, అందులో పసుపు చేప.

బొమ్మ శుభ్రంగా ఉంది. కానీ గోడకు అంటించినట్టు చదునుగా ఉంది. చేప తెర మీదే ఉంది, ముందుకు రాదు.

“వచ్చిందారా?” అన్నాడు పటేల్.

“జర ఆగుండ్రి పటేలా” అని వైరు మార్చాను. సెట్టింగులన్నీ తిప్పాను. మళ్ళీ పెట్టాను. లేదు. పటేల్ కూడా ఇరవై ఏళ్ళుగా ఉస్తాద్ గిరాకీ. కొత్త సెట్టు కదా, బుద్ధిగా ఎడమ కన్ను బిగించి మరీ చూస్తున్నాడు. “గిదేం త్రీడీ? మా పాత డబ్బా గిట్లనే ఉండె గదా!” అన్నాడు.

పటేల్ తల్లి నర్సమ్మకు ఎనభై ఏళ్ళు. ఆ ఏడాదే రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకుంది. కొడుకు చేతిలోంచి అద్దాలు లాక్కుని పెట్టుకుంది. పెట్టుకుందో లేదో, “ఓయమ్మో!” అని చెయ్యి చాపి గాలిలో పిడికిలి బిగించింది.

“చేప నా ఒళ్ళకొచ్చిందిరా కొడుకా!”

గదంతా ఘొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. “నీకు చూసుడు రాదవ్వా. ఒక కన్ను ముయ్యాలె” అన్నాను. ఇరవై మంది ముందు ఆ మాట అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పటేల్ ఇక ఆగలేదు. మహాదేవప్పకు ఫోన్ కొట్టి, సెట్టు ఖరాబుదన్నా పంపావు, లేకపోతే నీ మెకానిక్కే ఖరాబు చేశాడన్నాడు. అవతలివైపు మహాదేవప్ప ఏమన్నాడో గానీ, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. “సెట్టు పంపేముందు దుకాణంల నడిపించి చూసిన్రట. మంచిగుండెనట. అంటే ఖరాబు జేసింది నువ్వే. ఉస్తాద్‌ను పిలిపిస్తున్న. ఆయన గూడ లేదంటే సెట్టు వాపస్, నీ నౌకరీ ఖతం. మహాదేవప్పనే అన్నడు.”

ఉస్తాద్‌ను తేవడానికి పటేల్ జీపు పోయింది. మూడింటికి కరెంటు పోయే వేళ. గంటన్నర ఉంది. జీపు తిరిగొచ్చేదాకా నేను గోడకు ఆనుకుని కూర్చుంటే ఒక్కరు మంచినీళ్ళు తాగుతావా అని అడగలేదు. ఉస్తాద్ రాడేమో, మళ్ళీ జ్వరమంటాడేమో అని ఒక భయం. వచ్చి నన్ను ఇరికించి పోతాడేమో అని ఇంకో భయం.

రెండున్నరకు వచ్చాడు. తెల్ల టోపీ సర్దుకుంటూ గడపలో నిలబడి టీవీ వంక కాకుండా నా వంక చూశాడు.

“ఎట్ల జూసినవ్ బేటా?”

“మీరు నేర్పినట్టే ఉస్తాద్.”

“మీరు పటేల్ సాబ్?”

“నేను గూడ నీ చూపే. ఇంకెట్ల జూస్తరు?”

ఉస్తాద్ ముఖంలో రక్తం లేదు. “ఎవరికన్న కనబడ్డదా?” అని మెల్లగా అడిగాడు.

“నాకొచ్చింది బిడ్డా” అంది నర్సమ్మ. “గిక్కడిదాంక వచ్చింది. చెప్తే నవ్వుతున్నరు.” మోకాలి ముందు, మూరెడు దూరంలో పిడికిలి బిగించి చూపించింది. ఉస్తాద్ ఆ పిడికిలిని చాలాసేపు చూశాడు.

ఆయనకు అప్పుడే అంతా అర్థమైంది. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

పటేల్ అద్దాలు ఆయన చేతిలో పెట్టి కుర్చీ జరిపాడు. “నీ నోట్లకెళ్ళి మాటొస్తే చాలు ఉస్తాద్. వచ్చిందంటే వచ్చినట్టు. ఇగో, చేప వస్తది, చేత్తోని పట్టి చూపెట్టు.”

ఉస్తాద్ అద్దాలు పెట్టుకున్నాడు. తెర మీద చేప తోక ఆడించి ఇటు తిరిగింది. ఉస్తాద్ చెయ్యి లేచింది. నెమ్మదిగా ముందుకు పోయింది. అవ్వ చూపించిన చోటికే, సరిగ్గా మోకాలి ముందుకే పోయింది. ఇక ఆ పిడికిలి బిగిస్తే చాలు, ఆయన ఇజ్జత్ ఆయనకు దక్కేది. సెట్టు మంచిదే, జగదీశ్‌కే పని రాదని ఊరు అనుకునేది.

“చూసినవా!” అన్నాడు పటేల్ నా వైపు తిరిగి. “ఉస్తాద్‌కు రావట్టె. నీకెందుకు రాలే? రెండు కండ్లు పెట్టుకుని గుడ్డోని తీరు కూసున్నవ్!”

గాలిలో ఉస్తాద్ చెయ్యి ఆగిపోయింది. కిందికి దిగింది. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“గుడ్డోడు వాడు గాదు పటేల్ సాబ్. నేను.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ చెప్పాడు. ఎడమ కన్ను పోయి ఇరవై అయిదేళ్ళు దాటిందని, ఒక కన్ను మూస్తే నిజం తెలుస్తుందన్నది ఉత్త మాటని, త్రీడీకి రెండు కళ్ళూ కావాలని చెప్పాడు. “సెట్టు మంచిగుంది. అవ్వ ఒక్కతే సక్కగ జూసింది. జగదీశ్, రెండు కండ్లు తెర్వు బేటా.”

నేను అద్దాలు పెట్టుకున్నాను. రెప్ప వాలిపోతోంది. నమ్మండి, దాన్ని వేలితో పట్టి తెరవాల్సి వచ్చింది. తెరిచాను. గోడ మాయమైంది. నీళ్ళు లోపలికి, ఇంకా లోపలికి పోయాయి. పసుపు చేప గది మధ్యకు ఈదుకుంటూ వచ్చి నా ముక్కు ముందు ఆగింది. ఇరవై మంది నా నోటి వంక చూస్తున్నారు. “వచ్చింది” అన్నాను. అద్దాల కింద కన్నీళ్ళు కారుతున్నాయని ఎవరికీ తెలియకూడదని తల తిప్పుకున్నాను.

పటేల్‌కు సంతోషం కంటే ముందు కోపమొచ్చింది. “అంటే ఇన్నేండ్ల సంది మమ్మల్ని పిచ్చోళ్ళను జేసినవా? ఒక్క కన్నుతోని మా ఇంట్లకొచ్చి...”

“నోర్ముయ్యిరా!” అంది నర్సమ్మ. “ఒక్క కన్నుతోనే నీ ఇంట్ల మూడు టీవీలు బాగుజేసిండు. నువ్వు రెండు కండ్లు పెట్టుకుని ఏం జూసినవ్?” తరవాత ఉస్తాద్ వైపు తిరిగి, “నొప్పయితదా బిడ్డా?” అని అడిగింది.

“లేదవ్వా” అన్నాడు ఉస్తాద్. అంతలో కరెంటు పోయింది.

ఆ తరవాతి సంగతులంటారా? నా పని నిలిచింది. ఊరంతా తెలిసి, కొందరు ఉస్తాద్ దుకాణం మానేశారు, ఎక్కువమంది మానలేదు. అంత హడావుడి చేసిన త్రీడీ టీవీలు నాలుగైదేళ్ళకే షోరూంల నుంచి మాయమయ్యాయి. ఆ చూపు మాత్రం పోలేదు. అలవాటు కదా. అవన్నీ ఉండనీయండి. నాకు మరుపు రానిది ఆ సాయంత్రం ఆటో.

పటేల్ జీపు ఇవ్వలేదు. షేర్ ఆటోలో వెనక సీటు మా ఇద్దరికే దొరికింది. ఆయన అలవాటుగా ఎడమ అంచుకు జరిగి కుడి పక్క నాకు చోటు వదిలాడు. నేను దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన్ను జరగమని ఎడమ వైపే కూర్చున్నాను. రెండు మైళ్ళు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు.

“నాకన్న చెప్పొద్దా? ఇరవై ఏండ్లు ఉత్తగనే కన్ను మూయించినవ్ గదా ఉస్తాద్!”

“మొదటి దినమే చెప్దామనుకున్న” అన్నాడు. “నువ్వేమో అప్పటికే కన్ను మూసుకుని కూసున్నవ్. పోరనివి, ముద్దొచ్చినవ్. రేపు చెప్త అనుకున్న. గట్లనే ఇరవై ఏండ్లాయె.”

నాకు తిట్టాలని ఉంది. ఆటో గుంతలో పడి లేచింది. కాసేపటికి ఆయనే, రోడ్డు వంక చూస్తూ, అడగలేక అడిగినట్టు అడిగాడు.

“ఎట్లుంటదిరా అది? చేప నిజంగ దగ్గరికొస్తదా?”

నేను నా చెయ్యి చాపి, పక్క నుంచి ఆయన ఎడమ చెంప వైపు మెల్లగా తెచ్చాను. జానెడు దూరం. బెత్తెడు దూరం. ఆయన రెప్ప కదలలేదు, రోడ్డునే చూస్తున్నాడు. వేళ్ళు చెంపకు తగిలేసరికి ఉలిక్కిపడ్డాడు.

“ఇంత దగ్గరికొస్తది ఉస్తాద్” అన్నాను.

ఆయన నా చేతిని అక్కడే పట్టుకుని, “ఇంకొకసారి చూపెట్టు బేటా” అన్నాడు.