గిర్ని బియ్యం

దంచిన బియ్యం గొప్పవని ఇప్పుడు చెప్పేవాళ్లలో చాలామంది ఒక్కనాడైనా రోకలి పట్టినవాళ్లు కారు. నేను పట్టాను. నిజాం కాలంలో, రావల్కోల్ నుంచి శామీర్‌పేటకు కాపురానికి వచ్చిన నెలకే నా అరచేతులు బొబ్బలెక్కాయి.

చెరువు కింద మాకు వరి పండేది. వడ్లు దంచడానికి వారానికి రెండు రోజులు ఒకామె వచ్చేది. వాళ్లది చేపలు పట్టే ఇల్లు. రోటికి ఆమె అటు, నేనిటు నిలబడి రోకలి మార్చి రోకలి వేసేవాళ్లం. దంపుడయ్యాక చెరిగి, నూకలూ సగం తవుడూ ఆమె తన గంపలో పోసుకునేది. ఆమెకు కూలి అంటే అదే. నూకలతో రాత్రికి గటక కాచేది, తవుడు మేకకు పెట్టేది. చెరువు ఎండి వలలు దండేనికెక్కిన రోజుల్లో ఆ ఇంట్లో నలుగురికీ ఆ గంపే ఆధారం.

మేడ్చల్‌లో వడ్లు మర పట్టే గిర్ని పెట్టారని తెలిసినప్పటి నుంచి నేను మా ఆయన చెవిలో జోరీగనయ్యాను. బండి కట్టుకుపోతే ఒక్క పూటలో బస్తాల కొద్దీ ఆడించుకు రావచ్చు. బర్రె కుడితికి తవుడేదని మా అత్త సణిగింది. తర్వాత ఇంకో మాట అడిగింది.

"గిర్నోడు నూకలు, తవుడు ఆన్నే ఉంచుకుంటడట. మరి గామెకేమిస్తవే?"

"ఏదన్న ఒకటి ఇద్దాం తీ అత్తమ్మా" అన్నాను. నా ఆలోచన అంతకు మించి పోలేదు.

మొదటి బండి వచ్చింది. బియ్యం తెల్లగా, ఒక్క తీరుగా ఉన్నాయి. అన్నం పొడిపొడిగా వచ్చింది. అబద్ధమెందుకు, నాకు మస్తు నచ్చింది.

మర్నాడు ఎప్పటిలాగే ఆమె గంపతో వచ్చింది. బస్తా చూసింది. ఎవరూ అడగకుండానే చాట తీసుకుని కూర్చుని సగం బస్తా చెరిగింది. పిడికెడు పొట్టు రాలింది. నూకలన్నీ గిర్నిలోనే జల్లెడ పట్టేశారు.

నేను గబగబా రెండు మానికల బియ్యం ఆమె గంపలో పోశాను. ఆమె వాటిని తిరిగి బస్తాలోకి ఒంపింది.

"ఇయ్యాల పోస్తవు బిడ్డా. మల్ల వారం ఏమని రావాలె నేను?"

చేసిన పనికి తీసుకుంటే కూలి, ఊరికే తీసుకుంటే బిచ్చం. ఆమె పట్టింపు అది. ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎండలు ముదిరేలోపు మా వీధిలో ఆరేడు ఇళ్లు గిర్నికి మళ్లాయి. ఒక పగలు అన్నానికి కూర్చున్నప్పుడు మా ఆయన చెప్పాడు, ఆమె, పెనిమిటి, ఇద్దరు ఆడపిల్లలు మేకను అమ్ముకుని సికిందరాబాదుకు మట్టిపనికి పోయారని. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అయినా నా చెయ్యి కంచంలో ఆగలేదు. ఆ పూట కూడా అన్నం రుచిగానే ఉంది. నా మీద నాకు ఇప్పటికీ కోపం అందుకే.