తువ్వాలు కప్పిన ఫోటో

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున పాత జిమ్ స్నేహితుడు ఫోన్ చేసి, మా ఉస్తాద్ పోయారన్నాడు. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని అడిగాను. చావు కబురును కూడా అలా తరచి అడగడం ఆయన దగ్గర అంటుకున్న గుణమే.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక లాడ్జి వెనక రేకుల షెడ్డులో ఉండేది ఆయన జిమ్. తొంభైల్లో నేనక్కడే బరువులెత్తాను. ముందు ఆయన అనుమానం పుట్టి తర్వాత ఆయన పుట్టారని మేం నవ్వుకునేవాళ్ళం. చాయ్‌లో పాలు, త్రాసులో ముల్లు, డబ్బాల్లో వచ్చే కండల పౌడర్, దేన్నీ నమ్మేవారు కాదు. అన్నిటికన్నా తన ఫోటో మీదే ఆయనకు ఎక్కువ అనుమానం. వయసులో ఉండగా ఏదో పోటీలో గెలిచి దిగిన ఫోటో అది. ఒంటి మీద ఒక్కో నరం తాడులా తేలి ఉండేది. కొత్తవాళ్ళెవరైనా చేరడానికొస్తే, ముందు వెళ్ళి దాని మీద తువ్వాలు కప్పేవారు.

"ఇగ అడుగు. ఫోటోను కాదు, నన్నడుగు" అనేవారు.

మాకేమో ఆ తువ్వాలు మీదే అనుమానం. స్టీరాయిడ్ సూదులు వేయించుకుని పెంచిన ఒళ్ళేమో, అందుకే దాస్తున్నారేమో అని చాటుగా చెప్పుకునేవాళ్ళం. గురువు గుణం శిష్యులకు రాకుండా ఎక్కడికి పోతుంది?

తర్వాత నేను వ్యాయామ విద్య చదివాను. మా పుస్తకంలో కండ పెంచే పాఠం తెరిస్తే, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత కండల మ్యాగజైన్లలో ఉన్నదే అది. ఏ రోజు ఏ కండ, ఎన్నిసార్లు ఎత్తాలి, అంతా అదే. ఇదెలా తేల్చారని లెక్చరర్‌ను అడిగితే, "పెద్ద పెద్ద బాడీబిల్డర్లంతా అట్లనే చేస్తరు కదా" అన్నారు. ఉస్తాద్‌కు చెబితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

"మావోళ్ళను సూసి మీరు రాసుకున్నరు. మీరు రాసిన్రని మావోళ్ళు నమ్ముతున్నరు. మరి అసలు పరీక్ష జేసినోడెవడు రా?"

ఆయన అనుమానాలన్నీ నిజమని నేననను. బరువులెత్తి చన్నీళ్ళు పోసుకుంటే కండ బిగుసుకుపోతుందని కడదాకా వాదించారు. ఆ మాట తనకెవరు చెప్పారని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, అదే జిమ్‌లో చేరిన మా తమ్ముడు బాడీబిల్డింగ్ పోటీకి తయారయ్యాడు. అబిడ్స్‌లో కొన్న మ్యాగజైన్‌లో ఎవరో చాంపియన్ చెప్పాడట, స్టేజీ ఎక్కేముందు నీళ్ళు మానేస్తే కండలు చెక్కినట్టు కనిపిస్తాయని. వాడు మానేశాడు. పోటీ ముందురోజు సాయంత్రానికి పెదాలు పగిలాయి, మాట తడబడుతోంది. ఎవరు చెప్పినా వినడు. మా అమ్మ ఏడుపు చూడలేక ఉస్తాద్‌ను ఇంటికి పిలిచాను. చంకలో ఆ ఫోటో పెట్టుకుని వచ్చారు. దాన్ని తనంతట తానే వాడి ముందు పెట్టారు.

"గిది సూసే గదా నా లెక్క కావాలన్నవ్? గీ ఫోటో దిగిన దినం నేను గూడ గిట్లనే నీళ్ళు బందు వెట్టిన. స్టేజీ దిగంగనే పడ్డ. దవాఖానల కండ్లు తెరిసిన. నా బతుకుల నాకు బలమే లేని దినం దిగిన ఫోటో రా గిది. తాగు."

తమ్ముడు తాగాడు. ఆ సాయంత్రం ఆయన రాకపోతే వాడేమయ్యేవాడో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. మర్నాడు పోటీలో మొదటి రౌండులోనే ఓడి బయటికొచ్చాడు. ఇంకో శిష్యుణ్ణి గెలిపించుకోవడానికే తనచేత నీళ్ళు తాగించారని అనుమానపడి, మళ్ళీ ఆ జిమ్ గడప తొక్కలేదు. ఆ సంగతి తెలిసి ఉస్తాద్ నాతో, "అనుమానపడనియ్ రా. బతికున్నోడే గదా అనుమానపడేది" అన్నారు.

ఆయన దినం నాడు తమ్ముణ్ణి బలవంతంగా తీసుకెళ్ళాను. బల్ల మీద ఆ ఫోటోనే పెట్టి దండ వేశారు. వచ్చినవాళ్ళంతా "ఏం బాడీ! గసొంటి మనిషి ఎట్ల పోయిండో" అంటున్నారు. ఉస్తాద్ భార్య ఫోటో ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టి, మా పక్కన కూర్చుంది.

"ఎంత అడిగినా నీళ్ళియ్యొద్దని ఆ ఫోటో దిగిన పొద్దు నాతోని ఒట్టు వెట్టించుకున్నడు బిడ్డా" అంది. "అడిగిండు. నేను ఇయ్యలే."

తమ్ముడు లేచాడు. మూలనున్న కుండలో చెంబు ముంచి తెచ్చి, ఆ గ్లాసును అంచు దాకా నింపాడు. అప్పుడు చూశాను. ఇన్నేళ్ళూ నేను కండలే చూసిన ఆ ఫోటోలో, ఉస్తాద్ పెదాలు పగిలి ఉన్నాయి.