చెవి మేస్త్రి

షెడ్డులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. పాత లారీ వస్తే స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. జబ్బేమిటో అక్కడే తేలిపోతుంది. ఇప్పుడు షెడ్డు అల్లుడిది. పాత లారీల్లో డీజిల్ ఇంజను ఉంచి, తోడుగా బ్యాటరీలూ మోటారూ బిగిస్తున్నాడు. ఆ బిగింపు మేస్త్రి చేతులు నేర్చుకున్నాయి, చెవి నేర్చుకోలేదు. మొన్న అలా తయారైన మొదటి లారీ వెనక వంగి, పడిపోయిన బోల్టు వెతుక్కుంటున్నాడు. చప్పుడు లేదంటే బండి ఆగి ఉన్నట్టే ఆయన లెక్క. అది మెత్తగా వెనక్కొచ్చి ఆయన్ని గోడకి అదిమింది. అరవడానికి ఊపిరి చాలక, అరచేత్తో బండి రేకు మీద బాదాడు.

అల్లుడు బండి ముందుకు లాగి, కిందికి దూకాడు. "చూసుకోవద్దూ మావయ్యా! బ్యాటరీ మీద నడుస్తోంది."

"నడిచేది నడుస్తున్నానని చెప్పొద్దూ?"

"మీరు రేపట్నుంచి గేటు దగ్గర కూర్చోండి, చాలు."

అలిగి వేరే షెడ్డుకి పోదామంటే కూతురికి తలవంపులు. అందుకే గేటు పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. రోడ్డున పోయే ప్రతి లారీ జబ్బూ ఆయనకి వినిపిస్తుంది. లోపల్నుంచి వచ్చిన బండి మాత్రం వీపు వెనక ఎంతసేపు నిలబడ్డా తెలియదు. అల్లుడు హారన్ కొట్టడు. దిగివచ్చి, భుజం తడతాడు.