వీపు తిప్పి విన్న ఆట

నా చిన్నప్పుడు మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో నాతో మాట్లాడే మనుషులు ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు మా అమ్మమ్మ, ఇంకొకరు ఆమె తమ్ముడు, మా చిన్నతాత. అమ్మ జ్వరంతో పోయిన ఏడాదే నాన్న నన్ను నది అవతలి ఊరి నుంచి పడవలో తీసుకొచ్చి అమ్మమ్మ దగ్గర దింపాడు. తాను కలప నరికే పనికి అడవిలోకి వెళ్లిపోయాడు. నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. వచ్చినా గడపలో కూర్చుని నా వైపు చూసేవాడే తప్ప ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

బడి మరాఠీలో. నాకు ఒక్క ముక్క వచ్చేది కాదు. గురూజీ హాజరు పిలిచేటప్పుడు నా పేరు పలికే తీరు వేరుగా ఉండేది. అది నా పేరేనని తెలుసుకోవడానికే వారం పట్టింది. ఒకరోజు ఆయన ఏదో అడిగితే లేచి తెలుగులో జవాబు చెప్పాను. తరగతంతా నవ్వింది. ఆ నవ్విన పిల్లల్లో సగం మంది ఇళ్లలో తెలుగే మాట్లాడేవాళ్లు. అందుకే ఆ నవ్వు ఇంకా లోపలికి దిగింది. ఆ రోజు నుంచి ఇంటి బయట నోరు తెరవడం మానేశాను. ఎండాకాలం దాటి వానలు మొదలయ్యేదాకా అట్లాగే ఉన్నాను. పిల్లలు గుంపుగా ఇళ్లకు పోతుంటే పది అడుగుల వెనక నడిచేదాన్ని. మూగపిల్ల అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

మా చిన్నతాత రోజూ కూలికి పోయేవాడు. పండగలకు బాగోతం ఆడేవాడు. ఆడవేషం కడితే అసలు ఆడవాళ్లే ఆయన నడక చూసి ముచ్చటపడేవాళ్లట. ఒకసారి బామ్ని వైపు ఒక దొర ఇంటి ముందు ఆడారు. మావాళ్లు గోడ అవతల నిలబడి చూడాల్సి వచ్చింది. ఆట అయ్యాక, అంతసేపూ మెచ్చుకున్నవాళ్లే చిన్నతాతను పశువుల కొట్టం వెనక కూర్చోబెట్టి ఆకులో అన్నం పెట్టారు. ఆయన ఆ ఆకును ముట్టకుండా లేచి నడిచి వచ్చేశాడు. మళ్లీ ఏ దొర వాకిట్లోనూ గజ్జె కట్టలేదు.

"మన ఆట మన కాడనే ఆడుదాం. సూసెటోళ్లు వస్తరు, రాకుంటె లేదు" అన్నాడు.

మా వాడ చివర, తునికాకు ఎండబెట్టే కల్లం పక్కన ఆయనకు చారెడు జాగా ఉండేది. అక్కడ వెదురు తడికెలు కట్టి, పైన గడ్డి కప్పి ఒక కొట్టం లేపాడు. ఆయనకు తోడు నిలిచింది ముగ్గురే. బట్టలు కుట్టే మరాఠీ మామ హార్మోనియం తెచ్చాడు. దగ్గరి అడవి ఊరి నుంచి ఇప్పపూవు, చింతపండు అమ్ముకోవడానికి అంగడికి వచ్చే గోండు పెద్దమ్మ తన పాటలు తెచ్చింది. మూడో మనిషి మద్దెల వాయించే ముసలాయన. కొట్టంలో కుర్చీలు వద్దనుకున్నారు. ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి, ఎవరి భాషలో వాళ్లు పాడాలి. అంతే కట్టుబాటు. జనం దాన్ని ఆటకొట్టం అన్నారు.

మొదటి ఆట అంగడి రోజు మధ్యాహ్నం పెట్టారు. అడవి ఊళ్లవాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరాలి కదా. రెండు రోజుల ముందు, మావాళ్లు నాట్లకు పోయే పొలాల దొర మనిషి ఒకడు వాడకు వచ్చాడు. ఆ కొట్టంలో అడుగుపెట్టినవాళ్లు ఈ ఏడు నాట్లకు రానక్కర్లేదని చెప్పి పోయాడు. నాట్లు లేకపోతే మాకు తిండి లేదు. ఆ మాట తర్వాత వాడలో ఎవరూ ఆట ఊసెత్తలేదు.

ఆట రోజు అమ్మమ్మ పనికి పోతూ నన్ను కొట్టం దాకా తీసుకొచ్చింది. తాను గడప దాటలేదు. నా తల దువ్వి, "పో బిడ్డా, ముందట కూసో. చిన్నపిల్లను ఎవలేమంటరు" అంది. ఆమె గొంతులో భయం నాకు వినిపించింది.

లోపల చూసేవాళ్లు ఎవరూ లేరు. అలికిన నేల మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆటవాళ్లు చాలాసేపు ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. మరాఠీ మామ హార్మోనియం మూత మీద చెయ్యి పెట్టి చిన్నతాత ముఖం చూశాడు. చిన్నతాత ముఖానికి పసుపురంగు పూసుకుని, చీర కట్టి, సవరం పెట్టుకుని ఉన్నాడు. ఆయన నా వైపు చూసి, "ఒకలున్నరు గదా. మొదలువెట్టు" అన్నాడు.

అడవిలో తప్పిపోయిన పిల్లను ఒక ముసలమ్మ చేరదీసే కథ అది, చిన్నతాత సొంతంగా అల్లింది. ముసలమ్మ వేషం ఆయనదే. పిల్ల వేషానికి మనిషి దొరకక గుడ్డలమూటను పిల్లగా పెట్టుకున్నారు. ఎవరూ లేరు కదా అని ఒక్క అడుగు తగ్గించలేదు, ఒక్క పాట మానలేదు. నాకు మాత్రం అంత పెద్ద ఆట నా ఒక్కదాని మీద పడుతుంటే ఏడుపొచ్చింది. లేచి పారిపోదామా అనిపించింది.

ముసలమ్మకు పిల్ల కనిపించే ఘట్టం వచ్చింది. మూటను అడగాల్సిన మాట చిన్నతాత మూటను అడగలేదు. గజ్జెల చప్పుడుతో నా ముందుకొచ్చి వంగి, "నీ పేరేంది బిడ్డా?" అన్నాడు.

నేను తల దించి నేల చూశాను. ఆయన ఆగాడు. మద్దెల మెల్లగా మోగుతూనే ఉంది. గోండు పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుని తన భాషలో అదే అడిగింది. మరాఠీ మామ హార్మోనియం ఆపి, "తుఝ నావ్ కాయ్, బాళా?" అన్నాడు. బడిలో నన్ను నవ్వులపాలు చేసిన భాష అది. ఆయన నోట అది మెత్తగా ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు. చిన్నతాత నుదుటి మీద చెమట పసుపురంగును చారలు చేస్తోంది, అయినా తుడుచుకోకుండా వంగే ఉన్నాడు.

నేను నా పేరు చెప్పాను. నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా.

అప్పుడు తడికె బయట నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "ఇనవడ్తలేదు బిడ్డా, జర గట్టిగ చెప్పు!"

నేను ఉలిక్కిపడి వెదురు సందుల్లోంచి చూశాను. బయట దారి పొడవునా మనుషులు. తలమీద గంపలతో మా వాడ ఆడవాళ్లు, భుజాన కావడితో మగవాళ్లు, అంగడి నుంచి మళ్లిన అడవి ఊళ్లవాళ్లు. అందరూ కొట్టానికి వీపు తిప్పి నిలబడ్డారు. అడుగుపెట్టలేదు, కన్నెత్తి చూడలేదు. ఎవరైనా అడిగితే అట్లా చెప్పుకోవచ్చు. ఆట మొదలైనప్పటి నుంచీ వింటూ ఉన్నారు. వాళ్ల మధ్యలో మా అమ్మమ్మ నీలిచీర కూడా ఉంది.

నేను లేచి నిలబడి గట్టిగా చెప్పాను. బయట కొందరు నవ్వారు. ఆ నవ్వు నన్ను గుచ్చలేదు. ఆట ముందుకు సాగింది.

అయ్యాక చిన్నతాత రంగు కడుక్కుంటుంటే, మూటను అడగకుండా నన్నెందుకు అడిగావని అడిగాను.

"ఆళ్లు బయట ఉన్నరని నాకు ఎర్కే. లోపట గూడ ఒకలున్నరని ఆళ్లకు తెల్వాలె గదా. నేను చెప్తె ఏం నమ్ముతరు?" అన్నాడు. ఆగి, "నలుగురి ముందట నీ గొంతు ఎట్లుంటదో నాకు గూడ తెల్వాలనిపిచ్చింది" అన్నాడు.

దానికి మూల్యం లేకపోలేదు. దొర మా ఇంటిని నాట్లకు పిలవలేదు. అమ్మమ్మ వండే జొన్నగట్క రోజురోజుకూ పలచబడింది. మమ్మల్ని పలకరిస్తే తమకూ పని పోతుందని కొందరు తల దించుకుని పోయేవాళ్లు. నారు ముదిరిపోతుంటే చేతులు చాలక పదిహేను రోజులకు దొరే కబురు పెట్టాడు. ఆ తర్వాతి అంగడికి కొట్టంలో నా వెనక ఆరుగురు కూర్చున్నారు. పై అంగడికి ఇంకా ఎక్కువమంది, లెక్క పెట్టలేదు.

ఆ కొట్టం పెరిగింది. గడ్డి పోయి రేకులు వచ్చాయి. మా వాడలో చదువుకున్న మొదటి పిల్లలు అక్కడ పుస్తకాలు పేర్చారు, చిన్నవాళ్లకు బొమ్మలు వేయడం నేర్పారు. అక్కడి మరాఠీ నాటకాల్లోనే నాకు మరాఠీ వచ్చింది. ఆ భాషతోనే టీచరునై ఏటపల్లి వైపు అడవి బడులకు వెళ్లాను. చిన్నతాత పోయినప్పుడు అక్కడే ఉన్నాను. రోజుకు ఒకటే బస్సు, అదీ ఆ రోజు రాలేదు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు ఉద్యోగం అయిపోయి సిరొంచలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కొట్టం తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆదివారం తెరిచి ఊడ్చి కూర్చుంటాను. కొన్ని వారాలు నలుగురైదుగురు పిల్లలు వస్తారు, కొన్ని వారాలు ఎవరూ రారు. రాని రోజుల్లో అంత విశాలంగా అది ఎందుకు కనిపిస్తుందో తెలియదు.

అడవి బడుల్లో ముప్పై ఏళ్లు గోండు పిల్లల ముందు నిలబడ్డాను. మొదటి రోజు పేరు అడిగితే నేల చూసే పిల్ల ప్రతి ఏటా ఒక్కతైనా ఉండేది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆగేదాన్ని. గంట కొట్టినా, పెద్దగురూజీ తలుపులో నిలబడి చూసినా లేచేదాన్ని కాదు. కొందరికి ఒక పూట పట్టింది. ఒక పిల్లకు వానాకాలమంతా పట్టింది. చెప్పింది, చివరికి. వాళ్లందరి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇంట్లో మాట్లాడే మనిషి లేని పొద్దుల్లో ఒక్కొక్కటే పైకే పలుకుతూ ఉంటాను, గట్టిగానే.