మా ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు

చీకటిలో కూడా తన బిడ్డలను పేరు పేరునా ఎరిగిన ప్రభువుకు స్తోత్రం కలుగును గాక. ఈ సాక్ష్యంలో మంచి ఏదైనా ఉంటే ఆ మహిమ ప్రభువుదే.

నేనూ మా ఆయనా ఇద్దరం హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళం. చాలా ఏళ్ళుగా ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటున్నాం. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాది పాత క్వార్టరు. పగలు కూడా లోపలి గది మసకగా ఉంటుంది. ఆయనకు తాగుడు అలవాటు. డ్యూటీ దిగి గోల్‌బజార్ మీదుగా వాసనతోనే ఇంటికి వచ్చేవారు.

ఒక ఆదివారం ఉదయం, ఆరాధనకు బయలుదేరే ముందు, పెరట్లో దబ్బున చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఆయన ముఖం నిండా సబ్బుతో నేల మీద పడి ఉన్నారు.

"జారిపోనారేటి?" అన్నాను.

"నేదే. ఎవులో ఎనక నుంచి గెంటీసినారు."

పెరటి తలుపుకు లోపలి గడియ వేసే ఉంది. ముందు రోజంతా జ్వరంతో పడుకున్న మనిషి, చుక్క కూడా ముట్టలేదు.

తరువాత బనీను తల మీదుగా తీస్తూ పడ్డారు. ఇంకో సాయంత్రం కరెంటు పోయినప్పుడు లోపలి గదిలో పడ్డారు. నేను దీపం పట్టుకెళ్ళేసరికి కూర్చుని నేలను తడుముతున్నారు. "కాళ్ళ కింద నుంచి నేల లాగీసినట్టుందే," అన్నారు.

మెల్లగా నాకొకటి తోచింది. ఆయన చూస్తుండగా అది రాదు. ముఖం మీద సబ్బో, బట్టో, చీకటో పడేదాకా కాచుకుని ఉంటుంది. అప్పటి నుంచి ఆయన రెప్ప వాలిస్తే చాలు, వెనక ఎవరున్నారోనని చూసేదాన్ని. ఆయన నిద్రపోతుంటే మంచం చుట్టూ వెతికేదాన్ని. "మీకు ముందు ఈ క్వార్టర్లో ఉన్న ఖలాసీ దాదా కూడా ఈ పెరట్లోనే పడి చచ్చిపోయాడు, తెలుసా?" అంది పక్కింటి బెంగాలీ దీదీ.

మా సంఘంలో మా జబ్బు సంగతి తెలిసింది పాస్టరు అయ్యగారికి ఒక్కరికే. వెళ్ళి చెప్పాను.

"తాగి పడతన్నాడేటో, సూసుకున్నావా అమ్మా?"

"తాగని రోజు కూడా పడతన్నారు అయ్యగారూ."

దాంతో తాగుడు కారణం కాదని ఇద్దరం తేల్చుకున్నాం. ఇక దురాత్మే అనుకున్నాం.

ఆ వారం ఉపవాస ప్రార్థనలో ఆయనను మధ్యలో నిలబెట్టారు. మా పద్ధతిలో కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులెత్తి, కళ్ళు మూసుకుంటాం. అయ్యగారు ఇంకా తల మీద చెయ్యి వేయనేలేదు. మా ఆయన ఒక పక్కకు ఊగారు, తరువాత వెనక్కి, తరువాత కొయ్యలా పడ్డారు. సంఘమంతా గొంతెత్తింది. ఏడుస్తూ నేనూ దాన్ని గద్దించాను. లేపి నిలబెట్టి, మళ్ళీ కళ్ళు మూయించాం. మళ్ళీ పడ్డారు. ఈసారి మణికట్టు వంకరపోయింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఫ్రాక్చర్ అన్నారు. కట్టు కట్టాక ఏఆర్‌టీ డాక్టరుగారి దగ్గరకు పంపారు. మా ఆయన తల దించుకుని కూర్చుంటే, దురాత్మ సంగతితో సహా నేనే అంతా చెప్పాను. డాక్టరుగారు నవ్వలేదు.

"దాదా, నిలబడు. పాదాలు దగ్గర పెట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకో."

ఒక పక్కకు ఊగారు. తరువాత వెనక్కి. అచ్చం సంఘంలో ఊగినట్టే. పట్టపగలు, తెల్లటి గదిలో, ఎవరూ ప్రార్థన చేయకుండానే. అది మా వెంట ఇక్కడికీ వచ్చిందనుకున్నాను.

డాక్టరుగారు భుజం పట్టుకుని, "కళ్ళు తెరువు," అన్నారు. తెరవగానే ఊగడం ఆగింది. "రాంబర్గ్ పాజిటివ్," అని నర్సుకు చెప్పి, రెండు కొమ్ముల ఉక్కు ఫోర్కును మోగించి, దాని కాడను కాలి బొటనవేలి మీద ఆనించారు.

"తెలుస్తోందా?"

"సెవికి ఇనపడతంది సారు. కాలికి తెల్డం నేదు."

"న్యూరోపతీ. నీ పాదాలకు నేల తెలియడం లేదు. ఇన్నాళ్ళూ కళ్ళతో నిలబడుతున్నావు. హెచ్ఐవీ నరాలను దెబ్బతీస్తుంది, తాగుడూ తీస్తుంది."

"తాగని రోజు కూడా పడుతున్నారు కదా సార్," అన్నాను.

"తాగని రోజు కొత్త నరాలు వస్తాయా, దీదీ?"

ఎంత తాగుతావని అడిగితే మా ఆయన, "అప్పుడప్పుడు," అన్నారు. నా వైపు చూశారు. "రోజూ సారు," అన్నారు.

రక్తపరీక్షల్లో వైరల్ లోడ్ అదుపులోనే ఉంది, బీ12 విటమిన్ తక్కువ. ఎక్స్‌రే ప్రకారం ఎముకలు పలచబడ్డాయి. "ఈసారి చెయ్యి విరిగింది. ఇంకోసారి తుంటి విరిగినా, తల పగిలినా నీకు లేవడం ఉండదు. తాగుడు మానాలి. కానీ ఒక్కసారిగా ఇంట్లో మానకు, ఇక్కడ చేరు," అన్నారు డాక్టరుగారు.

మా ఆయన వినలేదు. ప్రభువు మీద ఒట్టేసి ఇంట్లోనే మానేశారు. మర్నాటికి చేతులు వణకడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం మంచం చివరకు వేలు చూపించి, "ఆయనెవులే? ఏటలా సూస్తన్నాడు?" అన్నారు. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. నేను అయ్యగారి కోసం పరిగెత్తాను. అయ్యగారు వచ్చి చెయ్యి పట్టి చూసి, "ముందు ఆటో పిలు అమ్మా. పార్ధన దార్లో సేసుకుందుం," అన్నారు. అది తాగుడు ఒక్కసారిగా మానితే వచ్చే విత్‌డ్రాయల్ అట. ఆసుపత్రిలో చేర్చుకుని మందులిచ్చి నెమ్మదిగా మాన్పించారు. ప్రభువు నా ప్రార్థన విన్నాడని ఆ ఆటోలోనే నమ్మాను.

ఇప్పుడు ఆయన తాగడం లేదు. పాదాలకు స్పర్శ పూర్తిగా రాలేదు, రాకపోవచ్చని డాక్టరుగారు అన్నారు. స్నానం స్టూలు మీద కూర్చుని చేస్తారు. సంఘంలో కూర్చుని, కళ్ళు తెరిచే ప్రార్థిస్తారు. "ఏటి బావా, దేముడు ఎలిపోతాడని కాపలా కాస్తన్నావా?" అని వరసైనవాళ్ళు ఏడిపిస్తారు. "నాను పడిపోకుండా కాసుకుంటన్నాను," అంటారు ఆయన.

హెచ్ఐవీతో బతుకుతున్న మీకు నేను చెప్పేది ఒక్కటే. పడితే, తాగని రోజు పడినా సరే, మీ డాక్టరుకు చెప్పండి. తాగుడు సంగతి దాచకుండా చెప్పండి.

విశ్వకర్మ పూజ వస్తోంది. వర్క్‌షాపులో ఆ రోజు పాత స్నేహితులు గ్లాసు తెచ్చి చేతిలో పెడతారు. మీరున్న చోటే నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆ పూట ఆయన చేతిని నువ్వు పట్టుకో. ఆయన కాళ్ళకు తెలియని దారి నీకు తెలుసు, ఇంటిదాకా నడిపించు. ఆమేన్.