తడిసిన నేల మీద పది సెకన్లు

మా వైపు మోటారు పందెం అంటే ట్రాక్టరు పందెమే. అది కూడా ముందుకు కాదు, వెనక్కి తోలేది. ట్రాక్టరుకు ఖాళీ ట్రాలీ తగిలించి, మెలికలు తిరిగిన బాటలో, రెండు పక్కలా పాతిన వెదురు గుంజల మధ్య నుంచి వెనక్కి నడపాలి. ఒక్కో బండి విడిగా పోతుంది. తక్కువ సమయంలో చివరి గీత చేరినవాడు గెలిచినట్టు. గుంజ పడితే పది సెకన్లు కలుపుతారు. తాకినా, ఒరిగినా పట్టించుకోరు. పడితేనే తప్పు.

బూర్గంపాడు దగ్గర పత్తికట్టె పీకేసిన ఒక చేనులో, యాసంగి నాట్లు ముగిశాక ఏటా ఈ పోటీ పెడతారు. తీర్పు చెప్పేది ముగ్గురం. ఒకరు రిటైరైన పీఈటీ సారు, ఒకరు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు యజమాని, మూడోవాణ్ని నేను. నాకు పొలం లేదు, ట్రాక్టరు లేదు. అక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న మందిరంలో వాక్యం చెబుతాను. అందుకని అబద్ధమాడనని వాళ్ల నమ్మకం. నా కోసం పోటీని ఆదివారం నుంచి శనివారానికి మార్చారు కూడా.

నేను చెప్పబోయే ఏడు, పోటీ ఖర్చు పెట్టుకున్న మిల్లు ఆసామి కొత్తగా వరికోత మిషను కొన్నాడు. గెలిచినవాడికే దాని డ్రైవరు పని అన్నాడు. ఆయనది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మాట ఇస్తే నిలబడతారని పేరుంది.

పోటీదారుల్లో ఒకడు మా మందిరానికి వచ్చే సంఘంవాడు. పెద్ద రైతు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ కుదుపుకు నడుం పోయింది. ఇంకా తోలితే లేవలేవని భద్రాచలం దవాఖానాలో చెప్పారు. కోత మిషనుకు అద్దాల క్యాబిన్ ఉంటుంది, సీటు కింద స్ప్రింగు ఉంటుంది. ఆ సీటు కోసమే ఆయన పోటీకి వచ్చాడు. ఆదివారం ప్రార్థనలో దాని కోసం పేరు పెట్టి వేడుకున్నాం కూడా.

వరస కోసం చీట్లు తీశారు. ఆయనకు గట్టి పోటీ అనుకున్న జూలూరుపాడు డ్రైవరుకు పొద్దున్నే వచ్చింది. మావాడికి మధ్యాహ్నం.

గుంజ పడితే ఎత్తే ఎర్రజెండా పట్టుకొని నేను మూడో మలుపు దగ్గర నిలబడ్డాను. జూలూరుపాడు డ్రైవరు వేగంగా వచ్చాడు. ట్రాలీ మూల నా పక్కనున్న గుంజను గట్టిగా గుద్దింది. గుంజ ఊగింది, వంగింది, మళ్లీ లేచి నిలబడింది. నేను జెండా ఎత్తలేదు. అది సరైన పనే.

భోజనాల వేళకు నల్లరేగడి దుమ్ము షామియానా కింద కూర్చున్నవాళ్ల విస్తళ్లలో పడసాగింది. ఎవరో నీళ్ల ట్యాంకరు తెప్పించారు. దాన్ని తిప్పడానికి డ్రైవరు కావాలన్నారు. మావాడు ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. తినే అన్నం పక్కన పెట్టి లేచి, ట్యాంకరు తగిలించుకొని, బాట పొడుగునా నీళ్లు చల్లి వచ్చాడు.

తర్వాత ఆయన వంతు వచ్చింది. అంత నింపాదిగా, అంత చక్కగా వెనక్కి తోలడం నేను చూడలేదు. మూడో మలుపులో ట్రాలీ అదే గుంజను రాసుకుంటూ పోయింది. గుంజ చప్పుడు లేకుండా పక్కకు వాలి నేల మీద పడుకుంది. నేను జెండా ఎత్తాను. జెండా దించి అడుగు వేయబోతే నా చెప్పు బురదలో ఉండిపోయింది. అప్పుడు అర్థమైంది.

పది సెకన్లు కలపకపోతే ఆయన ముందు. కలిపితే వెనక. ముగ్గురం షామియానా కింద కూర్చున్నాం. జనం మూగారు.

"గుంజ పడిందా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి అయ్యగారూ" అన్నాడు పీఈటీ సారు.

"పడింది."

"మరింకేంది?"

"పొద్దున దాన్నే గట్టిగా గుద్దితే పడలేదు సారూ. ఇప్పుడు ఊరికే రాసుకుంటే పడింది. నేల తడిసింది."

"తడిపిందెవరు? ఆయనే గదా!" అన్నాడు షెడ్డు యజమాని.

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "పది సెకన్లకు నీళ్లు పోసి పెంచుకున్నడే!" జనం గొల్లున నవ్వారు. మావాడు కూడా నవ్వాడు.

"ఆయన తన కోసం పోయలేదు. మనం పొమ్మంటే పోయి పోశాడు" అన్నాను.

మిల్లు ఆసామి నా పక్కకు వంగాడు. "అయ్యగారండీ, మీ మనిషి కాబట్టి మాట్లాడుతున్నారని జనం అనుకుంటారేమోనండీ. నేననుకోవటం లేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవలసిన మాటే. గొప్పవాడి ముఖం చూసి తీర్పు చెప్పకూడదన్న వాక్యమే, బీదవాడి ముఖం చూసి కూడా చెప్పకూడదంటుంది. రెండో సగాన్ని మేం మందిరంలో తక్కువగా చదువుతాం. కళ్లు మూసుకొని, ఆ డ్రైవరు మావాడు కాదనుకొని మళ్లీ ఆలోచించాను. అప్పుడూ అదే తోచింది. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు ఉండకూడదని నేర్చుకున్నాం. ఇక్కడ రాయి ఒకటే, త్రాసు పెట్టిన చోటు మారింది.

"ఇద్దరూ ఇదే నేల మీద ఇంకొక్కసారి తోలితే ఎవరికీ మాట ఉండదు" అన్నాను.

జూలూరుపాడు డ్రైవరు తన ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చొని వింటున్నాడు. అక్కడి నుంచే అన్నాడు. "నేనెందుకు తోలాలె అయ్యగారూ? నేను పరీక్ష రాసిన, పేపరు ఇచ్చిన. ఆయన పేపరు తడిస్తే నేను మళ్ల రాయాల్నా?"

ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు. ట్యాంకరు తెమ్మన్నది అతను కాదు.

ఇద్దరు ఒకవైపు, నేనొకవైపు. పది సెకన్లు కలిపారు. కోత మిషను జూలూరుపాడు డ్రైవరుకు వెళ్లింది. దాన్ని అతను బాగానే తోలుతున్నాడని తర్వాత విన్నాను.

సాయంత్రం మావాడు నన్ను ట్రాక్టరు మీదే ఇంటికి తెచ్చాడు. గుంత వచ్చినప్పుడల్లా సీటు మీంచి కొంచెం లేచి, దాటాక కూర్చుంటున్నాడు.

"నేను జెండా ఎత్తకుండా ఉంటే?" అని అడిగాను.

"ఎత్తకపోతే నేనే అడిగేటోన్ని. గుంజ పడ్డది గదా అయ్యగారూ."

"కోపం రాలేదా తమ్ముడూ?"

"అవ్, వచ్చింది."

"ఎవరి మీద?"

"ట్యాంకరు మీద" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ తనే అన్నాడు. "గా నీళ్లు చల్లేటప్పుడు గుంజలు వదులైతయని ఒక్కసారన్నా తట్టలే సూడుండ్రి. దుమ్ము అణిగితే పెద్దలు మంచిగ తింటరనుకున్న."

ఆ ఆదివారం ఆయన మామూలుగానే ప్రార్థనకు వచ్చాడు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నప్పుడు లేవలేదు. అంతకుముందు వారం ఆ సీటు కోసం ప్రార్థించిన మేమూ దాని మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు పోటీవాళ్లు మళ్లీ పిలిచారు. ఒక్క షరతు మీద వస్తానన్నాను. మొదటి బండి కదలకముందే నీళ్లు చల్లాలి, ఆ తర్వాత బండికీ బండికీ మధ్య కూడా చల్లాలి. పీఈటీ సారు "గిదేం పందెం అయ్యగారూ, నాట్లేద్దామా?" అన్నాడు గాని ఒప్పుకున్నాడు. ఆ రోజు గుంజలు విచ్చలవిడిగా పడ్డాయి. అందరికీ పడ్డాయి. నా జెండా కిందికి దిగిన సేపే తక్కువ. ఎవరూ తగాదా పడలేదు.

మావాడే గెలిచాడు. ఆ ఏడు బహుమతి సీలింగ్ ఫ్యాను.

దాన్ని ఆయన మందిరానికి ఇచ్చాడు. వెనక గోడ దగ్గర, మగవాళ్లు కూర్చునే వైపు బిగించాం. ఆయన నడుముకు బెల్టు కట్టుకొని, గోడకు ఆనుకొని దాని కింద చాప మీద కూర్చుంటాడు. ట్రాక్టరే తోలుతున్నాడు. నా ప్రసంగం పొడుగైతే మధ్యలో ఒకసారి లేచి నిలబడతాడు. అది చూసి నేను ముగిస్తాను.